అచ్చియ్యమ్మ గుండిగ

పాలు పోస్తున్న చిన్నతల్లి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఏటమ్మా, నెల తిరక్కుండానే డబ్బులిచ్చేస్తన్నారేటి?"

"ఊరెల్తన్నాం కదే. మళ్ళీ వచ్చేసరికి పదిహేనో తారీకు దాటిపోద్ది. అందాకా నీ డబ్బులు నా దగ్గరెందుకు? తీసుకో" అంది సుందరమ్మ.

చిన్నతల్లి నోట్లు అందుకుని కొంగున ముడేసుకుంది. కాని మొహంలో వెలుగు రాలేదు. నెల దాటి, నాలుగుసార్లు గేటు దగ్గర నిలబడి అడిగితే గాని పాలడబ్బు రాలని వీధి అది. అడక్కుండానే వచ్చిన డబ్బుని ఎలా తీసుకోవాలో ఆమెకు అలవాటు లేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఇంటికేసి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. సుందరమ్మ అది గమనించింది గాని, గోడమీద పిల్లి ఉందేమో అనుకుంది.

సుందరమ్మ అసలు పేరు లక్ష్మీసుందరి. చోడవరంలో ఆ వీధివాళ్ళకి మాత్రం చీటీల సుందరమ్మ. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి నెలా ఐదో తారీకు సాయంత్రం ఆవిడ వరండాలో చీటీపాట జరుగుతుంది. పాల చిన్నతల్లితో సహా ఇరవైమంది ఆడవాళ్ళు తలా కొంత తెస్తారు. అవసరం ఉన్నవాళ్ళు పాడతారు. ఎవరు ఎక్కువ తగ్గించుకోడానికి ఒప్పుకుంటే ఆ నెల చీటీ వాళ్ళది. ఆ తగ్గించుకున్నదాన్ని మిగతావాళ్ళు పంచుకుంటారు. వాన పడ్డా, కరెంటు పోయినా పాట ఆగలేదు. కరోనా రోజుల్లో అందర్నీ గేటు బయట దూరం దూరంగా నిలబెట్టి, గరిటెతో గేటు కొడుతూ పాట నడిపిందావిడ.

ఆవిడ భర్త లక్ష్మీనరసింహం ఊరి సుగర్ ఫ్యాక్టరీలో చెరుకు ఫీల్డ్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా సైకిలు మీద చెరుకు తోటల గట్ల వెంట తిరిగిన మనిషి. రోజుకి పది మాటలు ఆడితే ఎక్కువ. ఆయనకి ఒక్కటే కోరిక ఉండేది. ఎప్పుడో ట్రైనింగులో ఒక ఆఫీసరు చెప్పాడట, సముద్రం మధ్యలో మారిషస్ అని ఒక దీవి ఉందని, దీవంతా చెరుకేనని, ఆ చెరుకు నరకడానికి ఒకప్పుడు మన తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళారని. ఆ మాట ఆయన మనసులో ముప్పయ్యేళ్ళు ఉండిపోయింది. ఈ ఏడు విశాఖపట్నం నుంచి ఒక యాత్రా బృందం అటే వెళ్తోందని తెలిసి, సుందరమ్మే టికెట్లు తీయించింది. చీటీ నడిపేవాళ్ళకి మొదటి నెల పాట లేకుండా చీటీ వస్తుంది. దాన్ని ఆయన కోరికకే పెట్టింది.

ఇక సర్దుకోవడం మొదలైంది. సుందరమ్మ అన్న కొడుకు ఫణిశ్రీనివాస్ విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. వాడు ఫోన్లో పాఠం చెప్పినట్టు చెప్పాడు. "అత్తా, విదేశం వెళ్ళేముందు పెట్టె సర్దుకున్నట్టే డబ్బూ సర్దుకోవాలి. కార్డు అక్కడ పనిచెయ్యాలంటే ఇక్కడే ఆన్ చేయించుకోవాలి, దానికి చిన్న లిమిటే పెట్టించు. అక్కడి ఖర్చుకి వేరే కార్డులో డబ్బేయించుకో. డిపాజిట్లకి నామినీ ఉందో లేదో చూడు. నగలు లాకర్లో పెట్టు. ఇన్సూరెన్సు తీసుకో. కరెంటు బిల్లు, ఇంటి పన్ను కట్టెయ్. బాకీలు ఉంచకు."

ఆ చివరి మాట వాడు బిల్లుల గురించి అన్నాడు. సుందరమ్మ మాత్రం ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. కరెంటు, పన్ను, గ్యాసు అయిపోయాక వీధిలోకి దిగింది. టైలరుకి ఎప్పటిదో యాభై రూపాయలిచ్చింది. ఎదురింటి కొబ్బరికాయకి కొబ్బరికాయ ఇచ్చింది. ఒకరి గొడుగు, ఇంకొకరి జల్లెడ, మరొకరి నిచ్చెన, ఎవరివి వాళ్ళకి చేర్చింది. ఆఖరికి అటక మీదికి చూస్తే పిండిమర అచ్చియ్యమ్మ ఇత్తడి గుండిగ కనపడింది. నరసింహం రిటైర్మెంటు భోజనాలకి పులిహోర కలపడానికి తెచ్చింది. మూడేళ్ళైంది. ఈవిడ ఇవ్వడమూ మరిచిపోయింది, ఆవిడ అడగడమూ మరిచిపోయింది.

చింతపండు వేసి తోమితే గుండిగ బంగారంలా మెరిసింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వడం ఆ వీధిలో లేదు. నరసింహం బస్సెక్కి మాడుగుల వెళ్ళి హల్వా తెచ్చాడు. అది గుండిగ అడుగున పెట్టి, దాన్ని చంకనెత్తుకుని సుందరమ్మ పిండిమర దగ్గరికి బయల్దేరింది.

అచ్చియ్యమ్మకి అరవై దాటాయి. వీధికంతా ఆవిడ అప్ప, అంటే పెద్దక్క. పిండిమర ఆవిడదే. మర చప్పుడుకి అలవాటుపడి మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడుతుంది. చీటీలో ఉన్నవాళ్ళలో ఇంతవరకూ ఒక్కసారి కూడా పాటకి దిగనిది ఆవిడే. ఆఖరి చీటీకి కోతే ఉండదని ఓపిక పట్టి కూర్చుంది.

"ఒసే సుందరీ, ఇదెక్కడిదే? నా గుండిగే! నానెవులికిచ్చేనా అని మూడేళ్ళై మా కోడల్ని తిడతన్నాను!" అంటూ హల్వా ముక్క నోట్లో వేసుకుంది. "బాగున్నాది. మాడుగులదే గదా? మరి ఇప్పుడెందుకు తెచ్చేవే?"

"ఎల్లేముందు ఎవరి సామాను వాళ్ళకి ఒప్పసెప్పేద్దారని, అప్పా."

అచ్చియ్యమ్మ నమలడం ఆపింది. హల్వా ముక్క బుగ్గలోనే ఉండిపోయింది. మర ఆపేసి, చాలా మెల్లగా అడిగింది. ఆవిడ మెల్లగా మాట్లాడగా సుందరమ్మ అదే మొదటిసారి వినడం.

"ఎక్కడికే ఎల్తన్నారు?"

"మారిషస్. ఆయనకి సెరుకు తోటలు సూడాలని."

"సెరుకు సూడ్డానికా?" అచ్చియ్యమ్మ వీధి చివరికి చెయ్యి చూపించింది. ఆ చివర నుంచి కనుచూపు మేర చెరుకే. "అదేటే మరి?"

సుందరమ్మ నవ్వేసి వచ్చేసింది.

మర్నాటి నుంచి ఇంటికి జనం రాకడ ఎక్కువైంది. ఒకామె అగ్గిపెట్టె కోసం వచ్చి పడగ్గది దాకా వెళ్ళి చూసి, అగ్గిపెట్టె మరిచిపోయి వెళ్ళిపోయింది. ఇంకొకామె సూట్‌కేసులు చేత్తో ఎత్తి చూసి, "బరువే" అంది. సుందరమ్మ నగలసంచీతో బ్యాంకుకి ఆటో ఎక్కితే, వెనక ఇంకో ఆటోలో చిన్నతల్లి కనపడింది. పొద్దున్నే పాల బిందెలు వదిలేసి ఆమెకి బ్యాంకు దగ్గర పనేముందో అర్థం కాలేదు. పైగా ఆమె తల తిప్పేసుకుని, కరెంటు స్తంభాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఆ సాయంత్రం నరసింహం వరండాలో కూర్చుని, "మన గేటు కిర్రుమంటే ఎనిమిది గుమ్మాలు తెరుచుకుంటన్నాయి" అన్నాడు. ఆ రోజుకి ఆయన ఆడిన పెద్ద మాట అదే.

అసలు సంగతి గౌతమి చెప్పింది. గౌతమి మూడిళ్ళ అవతల ఉండే చిన్నకోడలు. బట్టలు కుడుతుంది. బస్టాండు దగ్గర టైలరింగు షాపు తీసుకోవాలని, వచ్చే నెల చీటీ పాడి అడ్వాన్సు కట్టాలని ఆశ పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి, చీర చెంగు మెలిపెడుతూ అంది.

"అత్తా, నానడిగేనని ఎవులితోనూ అనకు. నువ్వు పారిపోతన్నావంట, నిజమేనా?"

సుందరమ్మకి ముందు నవ్వొచ్చింది. "ఎవర్తో?"

"మావయ్యతోనే!"

"కట్టుకున్నోడితో పారిపోడమేటే గుంటా?"

"చీటీ డబ్బులతో, అత్తా." గౌతమి గొంతు తగ్గించింది. "పదేళ్ళనాడు బజారవతల చీటీల మేష్టారు ఒకాయన పారిపోయేడు కదా. ఎల్లేముందు వారం, పాలోడికి ముందే డబ్బిచ్చేసేడంట. పేపరోడికీ ఇచ్చేసేడంట. అరువు తెచ్చిన సామానంతా కడిగి తిరిగిచ్చేసేడంట. అచ్చియ్యప్ప లెక్కలేసి సెప్తంది. నువ్వూ అచ్చం అలగే సేస్తన్నావంట. చిన్న బాకీలు తీర్చేది పెద్దది ఎగ్గొట్టడానికేనంట."

సుందరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. వీధికి ఆ మేష్టారు నేర్పిన పాఠం అదన్నమాట. బాకీ ఉన్నవాడు ఇక్కడే ఉంటాడు, తీర్చేసినవాడు వెళ్ళిపోతాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. పద్దెనిమిదేళ్ళు. ఎవరికీ ఒక్క రూపాయి తేడా రాలేదు. సొంత గాజులు కుదువపెట్టి ఒకరు ఎగ్గొట్టిన నెల పూడ్చింది, ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కంచం పక్కకి జరిపి, "టికెట్లు కేన్సిలు సేసేయండి. పేరు పోగొట్టుకుని ఎక్కడికీ ఎల్లక్కర్లేదు" అంది.

నరసింహం మజ్జిగ పోసుకున్నాడు. చాలాసేపు కలిపాడు.

"సేస్తే," అన్నాడు, "పారిపోదారనుకుని దొరికిపోయేరంటారు."

సుందరమ్మ ఆలోచించింది. అదీ నిజమే. వెళ్తే దొంగ, వెళ్ళకపోతే దొరికిన దొంగ. ఆ మాట తలుచుకుంటే ఏడుపు రావాల్సింది పోయి నవ్వొచ్చింది. కంచం దగ్గరికి లాక్కుంది. తెల్లారేసరికి ఏం చెయ్యాలో తేల్చుకుంది.

మర్నాడు సాయంత్రం అందర్నీ వరండాకి పిలిచింది. ఐదో తారీకు కాకపోయినా ఒక్కరూ రాకుండా లేరు. చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. అచ్చియ్యమ్మ స్తంభానికి ఆనుకుంది. సుందరమ్మ తన పీట మీద కూర్చుని సూటిగా మొదలెట్టింది.

"నాను పారిపోతన్నానని మీ అనుమానం. అనుమానం పడ్డం మీ తప్పు కాదు, డబ్బు అలాంటిది. వచ్చే ఐదో తారీకుకి నానుండను. మీలో ఎవరు పాట నడపాలో మీరే సెప్పండి. చీటీ ఇప్పుడే వాళ్ళ చేతికి అప్పగించేస్తాను. మొత్తం అయిపోయే దాకా వాళ్ళే నడుపుకోండి."

చాపల మీద తలలు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత వెనకనుంచి ఎవరో అన్నారు. "పెద్దావిడ, అచ్చియ్యప్పే నడపాల."

"ఆయమ్మా?" చిన్నతల్లి లేచి నిలబడింది. "కేజీ బియ్యం ఇస్తే గుప్పెడు పిండి ఆ మరే మింగేస్తాది. మన డబ్బులు మిగుల్తాయేటి?"

"ఒసే, నీ పాలల్లో కలిసే నీళ్ళు ఏ ఏటివే ముందు సెప్పు!"

"పోనీ సిన్నతల్లినే నడపనీ" అంది ఒకామె.

"దానికి లెక్కలొచ్చేటి?"

"నాకు రావా? మీ అందరి పాల లెక్కా ఎవులు రాస్తన్నారు?"

"నువ్వే రాస్తన్నావు. అందుకే మా ఇంట్లో నెలకి ముప్పై అయిదు రోజులొస్తన్నాయి!"

వరండా అంతా గొల్లుమంది. ఇక ఒక్కొక్కరి పేరూ లేచింది, లేచిన పేరల్లా కూలింది. ఒకామె మొగుడు మంచివాడు కాదు. ఒకామెకి మతిమరుపు. ఇంకొకామెకి ఇచ్చిన గిన్నె తిరిగి రాదు. ఆ మాట అన్నప్పుడు మాత్రం అచ్చియ్యమ్మ దగ్గింది. చివరికి చెప్పడానికి పేర్లే మిగల్లేదు.

"అయితే ఈ వీధిలో నమ్మి సొమ్మివ్వడానికి మడిసే లేదన్నమాట" అంది అచ్చియ్యమ్మ.

"ఉన్నాది కదా," అంది గౌతమి. "ఆవిడే పారిపోతందని మీరే అన్నారు."

అందరూ సుందరమ్మ వైపు చూశారు. సుందరమ్మ పీట మీద కాస్త సర్దుకుని కూర్చుంది. గౌతమే మళ్ళీ అందుకుంది. "మారిషస్‌లో ఫోనుండదేటి? అత్త అక్కడనుంచే వీడియోలో పాట పాడిస్తాది. మనం డబ్బులు ఇక్కడే అందరి కళ్ళముందు పెడదాం. పాడుకున్నవాళ్ళు అప్పుడే తీసుకుపోతారు. ఒక్క రాత్రి కూడా ఎవులింట్లోనూ ఉండక్కర్లేదు."

ఇంతమందికి తోచనిది ఈ గుంటకి తోచిందే అని తలలూపారు. అందరూ లేవబోయారు. అచ్చియ్యమ్మ మాత్రం లేవలేదు.

"అది సరేనే సుందరీ. నా గోల అది కాదు. నువ్వెల్తే ఎల్లు, ఎవులొద్దన్నారు? కాని ఇలగ పాలడబ్బు ముందే ఇచ్చేసి, గిన్నెలు కడిగి ఒప్పసెప్పేసి, గొడుగులూ జల్లెళ్ళూ పంచేసి ఎల్తావేటే? తిరిగొచ్చే మడిసి అలగ ఎల్తాదేటి? నా గుండిగ సూసేసరికి నాకు గుండె గుబేలుమంది. డబ్బులు గుర్తొచ్చేయి, నిజమే. కాని ముందు నువ్వు గుర్తొచ్చేవు."

అని లేచి, గబగబా వీధిలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి చంకలో గుండిగ ఉంది. దాన్ని సుందరమ్మ కాళ్ళ దగ్గర ఠంగుమని పెట్టింది.

"ఇది మళ్ళీ నీ అటక మీదెట్టు. వచ్చేక తెచ్చిద్దువు గాని."

చిన్నతల్లి కొంగు ముడి విప్పింది. నోట్లు ఇంకా అలాగే ఉన్నాయి. "ఇవి కూడా ఉంచండమ్మా. వచ్చేక, ఎప్పట్లాగే నాలుగుసార్లు అడిగించుకుని ఇద్దురు గాని. ఇలగ ఇస్తే నాకు ఖర్చెట్టబుద్ధవడం లేదు."

ఆ తర్వాత గొడుగు వచ్చింది, జల్లెడ వచ్చింది, నిచ్చెన కూడా ఇద్దరు మోసుకొచ్చారు. హల్వా సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. సుందరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా గుండిగలోకి తొంగిచూసింది.

బయల్దేరే రోజు ఫణిశ్రీనివాస్ కారు తెచ్చాడు. దారిలో అడిగాడు. "అన్నీ క్లియర్ చేసేసేవా, అత్తా?"

"సేసేసేను రా. కాని మళ్ళీ బాకీ పడ్డాను."

"అదేటి! ఎవరికి?"

"వీధికి."

వాడు అర్థం కాక మావయ్య వైపు చూశాడు. నరసింహం కిటికీలోంచి చెరుకు చూస్తున్నాడు.

ఐదో తారీకున మారిషస్‌లో, వాళ్ళు దిగిన బస వెనకే చెరుకు తోట. సుందరమ్మ తోట గట్టున కుర్చీ వేసుకుని ఫోను చేసింది. తెరమీద తన వరండా కనపడింది. గౌతమికిచ్చి వచ్చిన తాళంచెవితో అటక మీంచి గుండిగ దించి, తను కూర్చునే పీట మీద బోర్లించి, దానికి ఫోను ఆనించి పెట్టారట. చాపలూ మొహాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తనొక్కతే బయట ఉంది. అది వింతగా తోచింది.

అచ్చియ్యమ్మ మొహం తెర నిండా వచ్చేసింది. కళ్ళు చిట్లించి వెనకా ముందూ చూసింది.

"ఒసే, నీ ఎనకాల సెరుకు తోటే కదే!"

"అవునప్పా."

"మన పక్కన దేవరాపల్లి కాడెక్కడో దాక్కుని మాటాడతన్నావేటి?"

చాపల మీద అలజడి పుట్టింది. సుందరమ్మ కంగారుగా ఫోను అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పినా చెరుకే. ఇంత డబ్బు పోసి, ఇంత సముద్రం దాటి వచ్చి, చోడవరంలో లేనని రుజువు చేసుకోలేకపోతోంది. అప్పుడు గౌతమి అరిచింది. "అప్పా, సూడు! మనం లైట్లేసుకున్నాం. అక్కడింకా ఎండ కాస్తంది!"

నిజమే. సుందరమ్మ భుజం మీద ఎండ పచ్చగా పడుతోంది. వరండా వెనక చోడవరం చీకటి. అచ్చియ్యమ్మ చీకటికేసి ఒకసారి, ఫోనుకేసి ఒకసారి చూసింది.

"ఓలమ్మ! దూరమే ఎల్లేవే!" అంది.

పాట మొదలైంది. గౌతమి రెండు వేలు తగ్గించుకుంటానంది. అచ్చియ్యమ్మ ఉడికించడానికి రెండున్నర అంది. గౌతమి మూడంది. సుందరమ్మ గరిటె బదులు చెరుకు ముక్కతో కుర్చీ చెయ్యి కొట్టింది. "మూడు వేలు ఒకటోసారి, రెండోసారి..." అంతలో తెర బిగుసుకుపోయింది. అచ్చియ్యమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. ఆ నోట్లోంచి మూడున్నర వస్తుందో, ఆవలింత వస్తుందో తెలియలేదు. సుందరమ్మ చెరుకు ముక్క ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుంది. తెర మళ్ళీ కదిలేసరికి ఆ నోరు మూసుకునే ఉంది.

"ఏటే ఆగిపోయేవు? కానీ, కానీ. గుంట షాపెట్టుకోవాల."

"మూడోసారి!"

గౌతమి ముందు నోట్లు పోగయ్యాయి. అందరూ చూస్తుండగా గౌతమి వాటిని కొంగులో పోసుకుంది.

అప్పుడు నరసింహం వచ్చి ఫోను తీసుకున్నాడు. ఈ చెరుకు కణుపు ఎంత పొడుగో, నేల ఎంత రాతినేలో, రాళ్ళు ఏరి గుట్టలు పోసి ఎలా పండిస్తున్నారో, పొద్దున ఒక ముసలాయన తనతో తెలుగులో నాలుగు ముక్కలు ఎలా మాట్లాడాడో, చెప్పుకుంటూ పోయాడు. వరండా నోరు తెరుచుకుని విన్నది. ఈయనకి ఇన్ని మాటలొచ్చని పెళ్ళాంతో సహా ఎవరికీ తెలియదు.

పదిహేనో తారీకు దాటాక సుందరమ్మ గుండిగ చంకనెత్తుకుని పిండిమరకి వెళ్ళింది. అడుగున మారిషస్ గోధుమరంగు పంచదార పొట్లం.

"సోడవరానికి పంచదార తెచ్చిన మడిసివి నువ్వేనే!" అంటూ అచ్చియ్యమ్మ పొట్లం తీసి కొంగు కింద పెట్టుకుంది. గుండిగ వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"మీ ఆయన ఇంకెక్కడికైనా ఎల్దారంటన్నాడేటి?"

"బ్రెజిల్‌లో ఇంతకంటే పెద్ద తోటలున్నాయంట. రాత్రి నిద్దర్లో కూడా అదే."

అచ్చియ్యమ్మ మర ఆన్ చేసింది. చప్పుడులోంచి అరిచింది.

"అయితే గుండిగ నీ అటక మీదే ఉండనీ!"